శ్రీకృష్ణదేవరాయల రాజధర్మమును, శీలమును

మన పూడిమడకలోను, చుట్టుపట్ల గ్రామములలోను సింహాచలము, సింహాద్రి, అప్పన్న, అప్పలస్వామి, అప్పలనరసమ్మ యను పేరులలో నేదియో యొకటి వినబడని వీధి కానరాదు. వల లాగువాడును, చెఱకు నఱకువాడును బిడ్డ పుట్టినప్పుడు మొదట తలచుకొనునది ఆ కొండమీది దేవునినే. ఆ దేవుని గుడిలో 1516వ సంవత్సరమునాటి తెలుగు శాసన మొకటి కలదు. విజయనగరాధీశుడైన శ్రీకృష్ణదేవరాయలు సింహాద్రినాథుని దర్శించి, తన తల్లి నాగాంబకును, తండ్రి నరసానాయకునకును పుణ్యము కలుగుటకై 991 ముత్యములు గల కంఠమాలను, మఱికొన్ని వెలగల సొమ్ములను సమర్పించెననియు, దేవేరులైన తిరుమలదేవియు చిన్నాదేవియు తమ తమ కానుకలిచ్చిరనియు దానివలన తెలియుచున్నది.

ఈ సంగతి మనవారిలో పలువురెఱిగినదే. ఎఱిగియు తలపని సంగతి యింకొకటి కలదు. ఆ దినమున రాయలు ఈ సీమకు ప్రభువుగా రాలేదు, శత్రువుగా వచ్చెను. నాడు ఈ తీరమంతయు కటకమునుండి యేలుచుండిన ప్రతాపరుద్ర గజపతిది. మన పూర్వులు గజపతి ప్రజలు. రాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించి, దాదాపు ఏడాదిన్నర కాలము దాని చుట్టును కూర్చుండి, 1514లో పట్టుకొనెను. 1515లో కొండవీడు పడెను. గజపతి కుమారుడైన వీరభద్రుడక్కడ చేజిక్కెను. తరువాత కొండపల్లి, రాజమహేంద్రవరము. ఆ పిమ్మటనే ఈ దండు సింహాద్రి మార్గమున సాగి, పొట్నూరున జయస్తంభమును నాటెను. ఆ దినములలో ఈ ప్రాంతపు రైతు తన కళ్ళమును గూర్చియు, పశువులను గూర్చియు ఎంత దిగులుపడెనో శాసనములు చెప్పవు. కాని దండు వెడలిన దారిలో దిగులు లేని పల్లె యుండునా?

ఇట్టి సందర్భముననే రాజుయొక్క గుణము బయటపడును. శత్రువు కొలుచు దేవాలయము చేతికి చిక్కినప్పుడు దోచుకొనిన రాజులు దేశదేశముల చరిత్రలలో కావలసినంతమంది కలరు. రాయలు దోచుకొనలేదు సరికదా, తన తల్లిదండ్రుల పేర ముత్యాలదండ సమర్పించెను. ఇది భక్తియా, రాజనీతియా యని కొందరడుగుదురు. రెండునని నా యభిప్రాయము. జయించిన ప్రజల మనస్సు ఎక్కడనున్నదో కనిపెట్టి, అక్కడనే తలవంచుట భక్తునకు సహజము, రాజునకు లాభకరము. అంతటితో నాగక, కొన్నియేండ్లకు గజపతితో సంధిచేసికొని, అతని కుమార్తెను వివాహమాడి, కృష్ణానదికి ఉత్తరమున తాను గెలిచిన దేశమంతయు తిరిగి యిచ్చివేసెను. అనగా, మన పూడిమడక తీరము రాయల యేలుబడిలో నిలిచినది కొలది సంవత్సరములే. గెలిచిన దేశమును తిరిగి యిచ్చిన రాజును మనవారు తమ రాజుగానే తలచుచుండుట విశేషము.

పాఠశాలల వక్తృత్వపు పోటీలలో రాయలను గూర్చి మాట్లాడు విద్యార్థులు సాధారణముగా ఒకే త్రోవ పట్టుదురు. సాహితీసమరాంగణ సార్వభౌముడు, ఆంధ్రభోజుడు, భువనవిజయము, అష్టదిగ్గజములు, వీధులలో రాసులుగా పోసి యమ్మిన రత్నములు, పిదప కరతాళధ్వనులు. ఇందులో అసత్యమని కొట్టివేయదగినది తక్కువయే కావచ్చును. అయినను ఇట్టి ఉపన్యాసము విన్న పిల్లవానికి రాయలు గుడిగోపురముమీది బొమ్మవలె కనబడునే గాని మనుష్యునివలె కనబడడు. బొమ్మను చూచి మ్రొక్కవచ్చును. దానిని చూచి పరిపాలన మెట్లు చేయవలెనో నేర్చుకొనలేము. ఆ మనుష్యుని కొంత దగ్గఱగా చూపవలెననియే నా యుద్దేశము.

ఆయనను కన్నులార చూచి వ్రాసినవారిలో డొమింగో పేయిస్ అను పోర్చుగీసువాడొకడు. ఇతడు 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చెను. అతని వ్రాతనుబట్టి రాయలు మధ్యరకపు పొడుగువాడు, ఒకింత స్థూలకాయుడు, ముఖమున మశూచి మచ్చలు గలవాడు. చిత్రములలోను చలనచిత్రములలోను మనము చూచు మన్మథాకారము కాదు. తెల్లవాఱకమునుపే లేచి, నువ్వులనూనె త్రాగి, ఒడలంతయు నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, త్రాగిన నూనె చెమటయై కాఱునంతవఱకు శ్రమించి, మల్లులతో కుస్తీపట్టి, పిమ్మట గుఱ్ఱమెక్కి మైదానమున పరుగెత్తించి, ఇదంతయు ప్రొద్దుపొడుచులోపల ముగించి, స్నానము చేసి, దేవపూజ కావించి, కొలువునకు పోవుచుండెడివాడట. లక్షలాది ప్రజలపై నధికారమున్నవాడు మొదట తన శరీరముపై నధికారము సంపాదించెను. పరదేశీయులు వచ్చినచో వారి హోదా యెట్టిదైనను ఆదరించి, వారి దేశపు సంగతులన్నియు అడిగి తెలిసికొనుచుండెనని కూడ పేయిస్ చెప్పుచున్నాడు. అడిగి తెలిసికొనుట చిన్నతనమని తలచు అధికారులను మనము నిత్యమును చూచుచున్నాము గనుక ఈ మాటను ప్రత్యేకముగా పేర్కొంటిని.

పరదేశీయుల ప్రసక్తి వచ్చినది గనుక సముద్రతీరవాసులమైన మనకు మిక్కిలి సంబంధించిన విషయమొకటి చెప్పవలసియున్నది. రాయలు రచించిన ‘ఆముక్తమాల్యద’ నాల్గవ యాశ్వాసమున రాజనీతి ప్రకరణము కలదు. ఈ కావ్యము పుట్టుటకు కారణముకూడ ఈ కళింగ దండయాత్రలోనే కలిగెను. కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు తనకు స్వప్నమున కనబడి తెలుగున కావ్యము చెప్పుమని యాజ్ఞాపించెనని రాయలే అవతారికలో చెప్పుకొనెను. ఆయన తుళువ వంశమువాడు. కన్నడ, తమిళ, తెలుగు దేశములను మూడింటిని ఏలినవాడు. కాబట్టి ఆయన మనకు మాత్రమే చెందినవాడని వాదించుట న్యాయముగాదు. మన భాషను తానుగా నెన్నుకొని ఆదరించినవాడనుట చాలును.

ఆ రాజనీతి ప్రకరణమున రేవులను గూర్చి చెప్పిన భావమిది. రాజు తన రేవులను చక్కజేయవలెను. గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు, చందనము, ముత్యములు మొదలగునవి వచ్చునట్లు వర్తకమును పెంపొందించవలెను. తుపానుచేతనో, రోగముచేతనో, బడలికచేతనో తన తీరమున దిగిన విదేశీ నావికులను వారి వారి జాతికి తగినట్లు పోషింపవలెను. దూరదేశములనుండి ఏనుగులను, మేలుజాతి గుఱ్ఱములను తెచ్చు వర్తకులకు దర్శనమిచ్చి, బహుమానములిచ్చి, న్యాయమైన లాభము దక్కనీయవలెను. అట్లయినచో ఆ సరకు శత్రువుల చేతికి పోదు.

కడపటి వాక్యమున రాజనీతిజ్ఞుడు పలుకుచున్నాడు. దానికి ముందటి వాక్యమున మనుష్యుడు పలుకుచున్నాడు. తుపానులో కొట్టుకొనివచ్చిన పడవలోనివారికి అన్నము పెట్టుట మన తీరమున ఎవ్వరును నేర్పనక్కఱలేని ధర్మము. మన పడవ ఒడిస్సా గట్టునకు కొట్టుకొనిపోయినప్పుడు మనమును అట్టి ఆదరణమునే కోరుదుము. ఆ ధర్మమును వేలకొలది ఏనుగులు గల చక్రవర్తి రాజ్యాంగ సూత్రముగా వ్రాసిపెట్టెను. హంపీ సముద్రమునకు ఎంతో దూరమునున్నది. అయినను అక్కడ కూర్చున్న రాజు అలలలో చిక్కినవాని అవస్థను తలచెను. నేడు మన పూడిమడక యొద్ద హరిత ఉదజని కేంద్రమునకు 2025 జనవరిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన దినములలో, పెద్ద పరిశ్రమలును రేవులును మన ముంగిటికి వచ్చుచున్నవి. తీరమును చక్కజేయువారు తీరవాసులనుకూడ లెక్కలోనికి తీసికొనవలెనని చెప్పుటకు మనము పరదేశ గ్రంథములను వెదకనక్కఱలేదు.

వ్యవసాయమును గూర్చి ఆయన చేసినదియు చెప్పినదియు సరిపోవుచున్నవి. దేశము చిన్నదైనను చెఱువులు కాలువలు త్రవ్వించి, పేదలకు తక్కువ పన్నుమీద భూములిచ్చినచో ధర్మమును ధనమును రెండును వృద్ధిపొందునని ఆయన మతము. 1521లో తుంగభద్రపై కొఱ్ఱగల్లు ఆనకట్టయు, దానినుండి బసవన్న కాలువయు ఏర్పడెను. నాగలాపురము చెంత పెద్ద చెఱువును కట్టించి, దానిక్రింది భూములను తొమ్మిదియేండ్లు పన్నులేకుండ రైతుల కిచ్చెనని నూనిజ్ అను మఱియొక పోర్చుగీసువాడు వ్రాసెను. బాధలుపడి ఊరు విడిచిపోవు ప్రజలను తిరిగి పిలువక, వారి పశువులను అమ్ముకొని, వారి యిండ్ల కొయ్యను వంటచెఱకుగా వాడుకొను అధికారి యుద్ధభూమిలో తిరుగు నక్కవంటివాడను భావము రాయల నీతిలో నున్నది. వలసలు పోవుట ఎఱిగిన ఉత్తరాంధ్ర వాసులకు ఈ నక్క ఎవరో వివరింపనక్కఱలేదు.

కాని ఆ నాగలాపురపు చెఱువే మఱియొక సంగతినికూడ జ్ఞాపకము చేయుచున్నది. కట్ట రెండు మూడుమాఱులు తెగగా, బలి కావలయునని పెద్దలు చెప్పిరనియు, రాజు చెరలోని మనుష్యులను కొందఱిని చంపించెననియు పేయిస్ వ్రాసెను. ఆ కాలపు మూఢవిశ్వాసమని యొకమాట యనవచ్చును. అట్లనుట వివరణమగునేగాని సమర్థనము కానేరదు. చెఱువును మెచ్చుకొనువారు ఈ మాటను మ్రింగివేయరాదు.

ఇక యుద్ధమునకు వత్తము. 1520వ సంవత్సరము మే నెలలో రాయచూరు దగ్గఱ బిజాపురపు సుల్తానగు ఇస్మాయిలు ఆదిల్షాతో జరిగిన పోరు రాయల జీవితములో గొప్ప ఘట్టము. సేనల సంఖ్యను నూనిజ్ లక్షలలో చెప్పుచున్నాడు; అందు అతిశయోక్తి లేకపోలేదు. మనకు కావలసినది సంఖ్య కాదు. సుల్తాను ఫిరంగుల దెబ్బకు రాయల ముందటి దళము చెదరి వెనుకకు పాఱదొడగినప్పుడు, ఆయన తన యుంగరమును సేవకుని చేతికిచ్చి, తాను మరణించినచో దేవేరులకు గుర్తుగా చూపుమని చెప్పి, గుఱ్ఱమెక్కి ముందునకు సాగెనట. పాఱిపోవువారిని నిర్దాక్షిణ్యముగా నిలువరించెను. యుద్ధము తిరుగబడెను. శత్రుసేన నదిలో పడి చచ్చుచుండెను. అప్పుడు ఆయన చేసిన పని ఆ ధైర్యముకంటెను గొప్పదని నేననుకొందును: తఱుముట చాలించుడని యాజ్ఞాపించెను, తనకు అపరాధము చేయనివారు పలువురు చచ్చుచున్నారని కారణము చెప్పెను. పిదప పోర్చుగీసు తుపాకివారి సాయముతో కోట పట్టుబడగా, పట్టణములోనివారికి అభయమిచ్చి, దోపిడిని నిషేధించెను.

గెలుపులో నున్న సేనను ముందునకు నడుపుట కంటె ఆపుట కష్టము. నిండు గాలిలో తెరచాప దింపుట యెట్టిదో ఎఱిగినవారికి ఈ మాట సులభముగా తెలియును. నాయకుని సామర్థ్యమును ఎంతవఱకు పోగలడనుదానితో కొలుచుట లోకాచారము. ఎక్కడ నిలువగలడనుదానితో కొలువవలెనని నాకు తోచుచున్నది. కృష్ణానదియొద్ద రాయలు నిలిచెను, రాయచూరు మైదానమున నిలిచెను. నిలువజాలని తావులును ఉన్నవి.

అందు మొదటిది రాయచూరు తరువాతిదే. ఓడిన సుల్తాను రాయబారిని పంపి, పోయిన సొత్తును కోటను తిరిగి కోరగా, సుల్తాను తానుగా వచ్చి తన పాదమును ముద్దుపెట్టుకొన్నచో అన్నియు ఇత్తునని రాయలు బదులు చెప్పెనట. సుల్తాను రాకపోగా సేనతో బిజాపురము వఱకును పోయెను. ఓడినవానిని ఓడినవానిగా విడిచిపెట్టక, వానిని అవమానింపవలెనను పట్టుదల రాజునకు శోభనీయదు. ఈ గర్వమే పెరిగి, అళియ రామరాయల కాలమున దక్కను సుల్తానుల నందఱిని ఏకము చేసి, 1565లో విజయనగరమును కూల్చెనని చెప్పు చరిత్రకారులు కలరు. నలువదియైదేండ్ల తరువాతి పతనమునకు ఒక్క మాటను కారణముగా చూపుట అతివాదమే. అయినను గజపతికి దేశమునే తిరిగి యిచ్చిన యౌదార్యము ఆదిల్షా విషయమున ఏమయ్యెనని అడుగకుండ నుండజాలము.

రెండవది మఱింత బాధకరమైనది. రాయలు మంచి న్యాయవర్తనుడే గాని ఆకస్మికముగా క్రోధావేశము వచ్చువాడని పేయిస్ మెచ్చుకొనుచునే చెప్పినాడు. ఆ క్రోధమునకు ఎర యైనవాడు సాళువ తిమ్మరుసు. రాయలు ‘అప్పాజీ’ యని పిలుచుకొనిన మంత్రి ఇతడే. నూనిజ్ చెప్పు కథ యిది. రాయల యన్న వీరనరసింహరాయలు మరణశయ్యపై నుండి, తన పసికుమారునకు పట్టము కట్టదలచి, తమ్ముని కన్నులు పెరికించి తెమ్మని తిమ్మరుసునకు ఆజ్ఞాపించెను. తిమ్మరుసు మేకకన్నులు తెచ్చి చూపి, రాయలను కాపాడెను. 1509లో రాయలు రాజయ్యెను. ఉదయగిరి మొదలు రాయచూరు వఱకు ప్రతి కార్యమునందును తిమ్మరుసు బుద్ధి పనిచేసెను. 1524 ప్రాంతమున రాయలు తన ఆఱేండ్ల కుమారుడగు తిరుమలరాయలకు పట్టము కట్టెను. ఆ బాలుడు కొన్ని నెలలకే మరణించెను. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టించెనని రాయలకు అనుమానము తగిలెను. తిమ్మరుసును, అతని తమ్ముని, కుమారుని చెఱలో పెట్టించెను. కొంతకాలమునకు కుమారుడు తప్పించుకొని తిరుగబడగా, పట్టి తెప్పించి, మువ్వురి కన్నులను పొడిపించెను. ఏ కన్నులను తిమ్మరుసు కాపాడెనో ఆ కన్నులయెదుటనే తిమ్మరుసు కన్నులు పోయినవి.

ఈ కథ నమ్మదగినదేనా? నూనిజ్ రాయల మరణానంతరము కొన్నియేండ్లకు వ్రాసినవాడు. బజారున విన్నదంతయు గ్రంథమున చేర్చినవాడు. గజపతి కుమారుడగు వీరభద్రుడు తన్ను నీచునితో కత్తిసాము చేయుమన్నారని అవమానపడి పొడుచుకొని చచ్చెనని ఇతడే వ్రాసెను. కాని 1516 నాటి కన్నడదేశపు శాసనమొకటి ఆ వీరభద్రుడు మలెబెన్నూరు సీమకు రాయల క్రింద అధికారిగా నుండెనని చెప్పుచున్నది. పట్టుబడిన శత్రుకుమారునకు సీమ నప్పగించుట రాయల శీలమునకు వన్నె తెచ్చునదే. నూనిజ్ మాటలో ఇట్టి తప్పులున్నవి గనుక తిమ్మరుసు కథను పూర్తిగా నమ్మనివారును కలరు. అట్లని కొట్టివేయుటకును వీలులేదు. రాయల కడపటి యేండ్లలో రాజకార్యములనుండి తిమ్మరుసు మఱుగుపడుట వాస్తవము. మనవారును ఈ కథను విడువక నాటకములుగా ఆడుకొనుచు, 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’ అను చలనచిత్రముగా తీసికొని, కంటతడి పెట్టుకొనిరి. ఆ నాటకములలో తప్పంతయు ఎవరో కుట్రదారులది. రాయలు మోసపోయిన అమాయకుడు. మన వీరునియందు కళంకము చూడలేని మెత్తదన మది. రాజు మోసపోయెనన్నచో మోసపోవుట మాత్రము తప్పు కాదా?

ఇక్కడ ఆయన నీతియే ఆయనకు ఎదురుసాక్ష్యము పలుకుచున్నది. మరణశిక్షకు పాత్రులైనవారికి మూడుమాఱులు విన్నవించుకొను అవకాశ మీయవలెనని ఆముక్తమాల్యదలో చెప్పినది ఆయనయే. వదలినచో ఆపద తెచ్చువారి విషయమున మాత్రము ఆలస్యము చేయరాదని ఆ వెంటనే వేఱొక మాట చేర్చినాడు. రాయలు తిమ్మరుసును ఆ రెండవ కోవలో చేర్చియుండునేమో. అదియే చిక్కు. నియమమునకు మినహాయింపు నుంచువాడును, ఆ మినహాయింపు ఎవరికి తగులునో నిర్ణయించువాడును ఒక్కడే యైనచో, కోపము వచ్చిన దినమున నియమము మాయమై మినహాయింపే మిగులును. బిడ్డను పోగొట్టుకొనిన తండ్రి న్యాయాధిపతి పీఠముపై కూర్చుండరాదు. ఆ దుఃఖము మహారాజునకైనను, కూలివానికైనను ఒక్కటే. అందువలననే తీర్పు వేఱొకరు చెప్పవలసినది.

మన పాఠశాలలో వేదపాఠముల తరగతికి వచ్చు పిల్లలందఱును దావీదు చరిత్ర నెఱుగుదురు. గొఱ్ఱెలకాపరి రాజైనాడు, గొప్ప యోధుడు, కవి, భక్తుడు. రాయలకును ఆయనకును పోలికలు చెప్పదలచినచో చాల చెప్పవచ్చును. ఆ దావీదు ఊరియాను చంపించిన వృత్తాంతమును పరిశుద్ధ గ్రంథకర్తలు దాచలేదు. దావీదు సంతతివారు రాజ్యము చేయుచుండినను, ఆ యధ్యాయమును ఎవ్వరును చింపివేయలేదు. మఱియు ఆ కథలో నాతాను ప్రవక్త యొకడున్నాడు. రాజు మొగముమీదనే తప్పును చెప్పినవాడు. రాయల కొలువున ఎనమండుగురు కవులుండిరని చెప్పుకొందుము. తిమ్మరుసును చెఱకు కొనిపోవునప్పుడు వారిలో నొక్కడైనను నోరు విప్పెనని వినలేదు. కాళహస్తీశ్వర శతకమున రాజులను తూలనాడిన ధూర్జటి ఈ సభలోనివాడేనని సంప్రదాయము. ఏ రాజును గూర్చి ఆ రోతపుట్టెనో ఆయనకే తెలియవలెను.

ఒకప్పుడు మన పాఠశాలలలో ఇంగ్లండు చరిత్ర కంఠస్థము చేయించు కాలమున, హెన్రీ యెనిమిదవవాని యార్గురు భార్యల పేరులను వల్లించిన పెద్దలు, సింహాద్రికి కానుకలిచ్చిన రాయల దేవేరుల పేరులు చెప్పజాలకుండిరి. హెన్రీయు రాయలును ఒక్క సంవత్సరముననే, 1509లోనే రాజులైరి. హెన్రీకిని తిమ్మరుసువంటి మంత్రి యొకడుండెను: థామస్ మోర్. 1535లో అతని తల నఱకించెను. అక్కడ విచారణ యను పేరైనను జరిగినది. ఆ విచారణ అన్యాయమైనదని తరువాతి తరములవారు కాగితములు చూచి చెప్పగలిగిరి. తిమ్మరుసు విషయమున చూచుటకు కాగితమే లేదు. ఆయన నిర్దోషియని గాని దోషియని గాని నేడు ఎవ్వరును నిరూపింపజాలరు. విచారణ లేని శిక్షవలన శిక్షితునకే గాక శిక్షించిన రాజునకుకూడ నష్టమే; న్యాయమే చేసియున్నను ఆయన పక్షమున చూపుటకు నేడు ఆధారము లేదు.

ఇంత చెప్పినందువలన నేను రాయలను తక్కువచేయుచున్నానని కొందఱు నొచ్చుకొనవచ్చును. అట్లుకాదు. తన గ్రంథమున ఉన్నతమైన రాజధర్మమును వ్రాసి, ఇరువది సంవత్సరముల పాలనలో చాలవఱకు దానిని ఆచరించి చూపిన రాజులు ప్రపంచమున మిక్కిలి తక్కువ. కొలబద్ద నెత్తుగా నాటినవాడు గనుకనే ఆయన జాఱిన తావులు మనకు స్పష్టముగా కనబడుచున్నవి. ఏ ధర్మమును వ్రాయని రాజును ఏ ధర్మముతో కొలుతుము?

కడపటి దినములలోని యొక నిర్ణయముకూడ ఆయన పక్షమున చెప్పవలసియున్నది. 1529లో రోగగ్రస్తుడై యుండగా ఆయనకు పదునెనిమిది నెలల కుమారుడు మాత్రమే యుండెను. మునుపు ఆఱేండ్ల బాలునకు పట్టము కట్టిన తండ్రి ఈసారి అట్లు చేయలేదు. చంద్రగిరి కోటలో తాను కావలియందుంచిన తమ్ముడు అచ్యుతదేవరాయలను వారసునిగా నియమించెను. రాజ్యమునకు కావలసినది కార్యదక్షుడైన పురుషుడుగాని పసిబిడ్డ కాదని భావించెను. తన రక్తమునకంటె రాజ్యము ముఖ్యమని తలచుట రాజులలో అరుదు. అయినను చెఱలో నుంచిన తమ్మునికి రాచకార్యములలో ఎంత తరిఫీదు కలిగియుండును? అచ్యుతుడు వచ్చిన వెంటనే రాయచూరును, ముదుగల్లును ఆదిల్షా మరల పట్టుకొనెను.

మన పాఠశాల విద్యార్థులు ఏటేట సింహాచలమునకు పోవుచునే యున్నారు. దర్శనము, ప్రసాదము, ఛాయాచిత్రములు, అంతటితో తిరిగివచ్చుచున్నారు. ఈసారి పోవునప్పుడు తెలుగు ఉపాధ్యాయులును, చరిత్రోపాధ్యాయులును కూడ వెంటబోయి, రాయల శాసనమును చూపించి, అచ్చుప్రతి సహాయముతో పిల్లలచేతనే అక్షరమక్షరము చదివింతురుగాక. పై తరగతులవారికి ఆముక్తమాల్యద నాల్గవ యాశ్వాసమందలి రేవుల పద్యమును, మరణశిక్షల పద్యమును ఒక్కనాడే ప్రక్కప్రక్కన పెట్టి బోధింపవలెను. రెండవ పద్యము చదివిన పిమ్మట తిమ్మరుసు పక్షమున ఒకరిని, రాయల పక్షమున ఒకరిని నిలిపి, రాయలు జరిపింపని ఆ విచారణను తరగతిలో జరిపించినచో బాగుండును. తీర్పు చెప్పువారిని మాత్రము ఆ యిరుపక్షములవారును కలసి ఎన్నుకొనవలెను.